చేపముల్లు కాక్టస్

ఆదివారం, మధ్యాహ్నం

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అబ్బాయి క్షేమంగానే ఉన్నాం. మొక్కల క్షేమం వేరుగా రాయాల్సిన సంగతి కాబట్టి వాటిని ఈ మాటలో కలపలేదు. అక్కడ మీరు, వదిన, అన్నయ్యగారు కులాసా అని తలుస్తాను. మీ తుంటి మాత్రం కులాసా కాదని నాకు తెలుసు. వదిన మీకు తెలియకుండా నాకు రెండు పేజీలు రాసింది. ఆమెను కోప్పడకండి, రాయమని నేనే అడిగాను.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్‌లో మీకు సగం మాటలు వినిపించవు. వినిపించిన సగం నచ్చకపోతే అవీ వినిపించలేదంటారు. కాగితం మీద ఆ వీలు లేదు.

ముందు మీరు అడిగినవి. కాక్టస్‌లకి నీళ్లు పన్నెండు రోజులకు ఒకసారే పోస్తున్నాను, అదీ కుండీ చేత్తో ఎత్తి చూసి, తేలికైందనిపిస్తేనే. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వడం లేదు. "ఈ జాతి దాహంతో చావదమ్మాయ్, మన జాలితో చస్తుంది" అని మీరు వదిన వాళ్లింటికి వెళ్లే రోజు కారెక్కుతూ కూడా అన్నారు. అయినా మొదటి నెలలో మీరు లేరన్న ధైర్యంతో రెండుసార్లు జాలిపడ్డాను, ఒక మేకకొమ్ము మొక్క కుళ్లిపోయింది. మొదలు పట్టుకుంటే ఉడికిన బంగాళాదుంపలా చేతిలోకి వచ్చేసింది. అది అప్పుడే మీకు రాశాను. "ఇకమీదట ఆ జాలి నా మీద చూపించు" అని మీరు ఒక్క వాక్యం జవాబు రాసి ఊరుకున్నారు.

షేడ్ నెట్ పోయిన నెల గాలికి ఒక మూల చిరిగింది. కొత్తది కొందామన్నారు మీ అబ్బాయి. దర్జీ ఇంట్లో చిరుగుకి కొత్తది కొంటే నలుగురూ నవ్వుతారన్నాను. నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టి, అంచుకి కాన్వాసు పట్టీ వేశాను. ఇప్పుడు ఆ మూలే గట్టిది, ఇక చిరగాల్సింది మిగతా మూడు మూలలే. నా షాపు సంగతి కూడా అడిగారు. బళ్లు తెరిచే రోజులు కదా, యూనిఫారాలతో ఊపిరాడటం లేదు. నడుం నొప్పి ఉంది. కూర్చునే కుర్చీ ఎత్తు మార్చాను, కొంచెం నయం.

ఇంకో వింత. మీ అయిదు గట్ల టోపీ కాక్టస్‌కి ఆరో గట్టు వస్తోంది. పై నుంచి చూస్తే నక్షత్రానికి ఒక మూల కొత్తగా మొలిచినట్టుంది. అయిదు గట్లుండి నిలువుగా ఎదిగితే టోపీ, ఎనిమిది గట్లుండి నేలకి అణిగి ఉంటే గుండీ, వంకర ముళ్లుంటే మేకకొమ్ము అని మీరు నాకు లెక్క నేర్పారు. ఆరుంటే ఏమిటా అని రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి మీ పాత నోటు పుస్తకంలో దొరికింది. వయసు పైబడితే టోపీ గట్లు పెంచుకుంటుందట. గట్ల లెక్క ఒక్కటే నమ్మొద్దు, దూది బొడిపెలు చూడాలి, ఒంటి మీద చుక్కలు చూడాలి, పూసినప్పుడు పువ్వు గొంతు రంగు చూడాలి అని పక్కనే రాసుకున్నారు. ఆ పుస్తకాలు మూడూ చదివేశాను అత్తయ్యా. అడగకుండా తీసినందుకు ఏమీ అనుకోకండి, ఎందుకు చదవాల్సి వచ్చిందో చదివితే మీకే తెలుస్తుంది.

పిండినల్లి పురుగు మళ్లీ వచ్చిందా అని అడిగారు. రాలేదు. దాని గురించి ఇంకా రాయాల్సింది ఉంది.

ఇక మిగిలింది మీ అసలు ప్రశ్న. ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి అడిగారు, మధ్యలో ఒకసారి రాసి కొట్టేశారు. తల్లి మొక్క పూసిందా, కాక్టస్ పెంపకందార్ల సంఘం నుంచి భూతద్దం మాస్టారు వచ్చి చూశారా, చేపముల్లుకి పేరు పడిందా అని.

చెబుతాను. దానికి ముందు వదిన రాసిన మాట. మీరు పొద్దున పది అడుగులు కూడా వేయడం లేదట. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే నిద్ర నటిస్తున్నారట. "ఇక నడిచి ఎవర్ని ఉద్ధరించాలి? చేపముల్లుకి పేరు పడిందన్న కబురొక్కటి వస్తే చాలు. తర్వాత మొక్కల షెడ్డుని సంఘం వాళ్లకి ఇచ్చేయమని కోడలికి రాస్తాను" అన్నారట. "అమ్మ మనసు బాగాలేదు, ఏ కబురైనా తియ్యగానే రాయి" అని వదిన నన్ను బతిమాలింది. వదిన మంచిది. కానీ తియ్యటి మాటలకి లేచి నడిచే మనిషైతే మీరు ఈపాటికి పరిగెత్తేవారు.

అందుకని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మీకు తెలిసిన సంగతులు కూడా మళ్లీ రాస్తాను, విసుక్కోకండి. నాకు ఎంత తెలిసిందో మీకు తెలియాలి.

పుస్తకాల్లో ఆస్టీరియాస్ అని పెద్ద పేరున్న మొక్కని మన ఇంట్లో గుండీ అంటాం. ముల్లన్నది లేదు, చదునుగా, పెద్ద కోటు గుండీలా ఉంటుంది. ప్రతి గట్టు మీదా నడుమన దూది బొడిపెలు, ఒళ్లంతా తెల్ల చుక్కలు. చుక్కలు ఒత్తుగా, మంచు కురిసినట్టుంటే సూపర్ కబుటో. అసలు చుక్కే లేకుండా నున్నగా ఉంటే నూడమ్, మీ మాటలో బోడిది. పందొమ్మిదేళ్ల కిందట మీ విత్తనాల ట్రేలో, కందిగింజంత మొలకల మధ్య ఒకటి వేరుగా కనిపించింది. దాని చుక్కలు చెల్లాచెదురుగా లేవు. ప్రతి గట్టు మీదా నడుమ నుంచి రెండు పక్కలకీ ఏటవాలుగా, చేపముల్లు పరిచినట్టు వరసలు కట్టాయి. అలాంటిది ఎవరి దగ్గరా లేదు. దాన్ని మీరు తల్లి మొక్క చేశారు. ఈ జాతి తన పుప్పొడితో తాను కాయదు కాబట్టి దాని తోబుట్టువుతో కలిపి, విత్తి, ఏరి, మళ్లీ విత్తి, ఇరవై రెండు పిల్లల్ని నిలబెట్టారు. ఎనిమిదేళ్ల కిందట దరఖాస్తు పెడితే, చీటీలు పెన్నుతో రాశారు, ఎండకి వెలిసిపోయాయి, ఏది ఎవరి బిడ్డో రుజువు లేదు అని ఇదే మాస్టారు తిప్పి పంపారు. ఆరోజు మీరు అన్నం తినలేదు. మర్నాటి నుంచి చీటీలన్నీ పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టారు. ఈసారి తల్లి ఒంటి మీద వరస చూపించి, పిల్లల ఒంటి మీద వరస చూపిస్తే చాలు, చేపముల్లు అన్న పేరు సంఘం పుస్తకంలోకి ఎక్కుతుంది, పక్కన పెంపకందారుగా మీ పేరుంటుంది. మీరు వెళ్తూ నాకు అప్పజెప్పింది ఇదొక్కటే. "ఆ మనిషి ముందు మాత్రం నన్ను చిన్నబుచ్చకు" అన్నారు.

ఇక్కడ కలం పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చాను.

మీరు వెళ్లిన రెండో వారం నేనొక ఉత్తరం రాశాను, గుర్తుందా? మేకకొమ్ము ముళ్ల సందున పిండినల్లి కనిపించిందని, మీరు చెప్పినట్టే జాలి లేకుండా స్పిరిట్‌తో తుడిచేశానని, పక్క మొక్కలకి కూడా అంటిందేమోనని ఆ అర అంతా శుభ్రం చేశానని. మీరు శభాష్ అని జవాబు రాశారు. ఆ శభాష్ అయిదు నెలలుగా నా గొంతులో ఉంది అత్తయ్యా. మింగలేక, కక్కలేక ఉన్నాను.

ఆ అర మీద, మేకకొమ్ము పక్కనే తల్లి మొక్క ఉంది.

అప్పటికి నాకేం తెలుసు? చేపముల్లు అన్న పేరే తప్ప, అది చుక్కల వరస అని తెలియదు. "తెల్లగా, దూదిలా కనిపిస్తే పిండినల్లే" అన్నారు మీరు. తల్లి మొక్క ఒళ్లంతా తెల్లగా ఉంది, దగ్గరగా చూస్తే దూదిలానే ఉంది. ఇంత పట్టినా అత్తయ్య చూసుకోలేదే, కళ్లజోడు మార్చాల్సిందే అని కూడా అనుకున్నాను. నల్లకోటు మీద పీచు దులపడానికి షాపులో వాడే మెత్తటి బ్రష్ ఉంది కదా, అది తెచ్చి స్పిరిట్‌లో ముంచి, గట్టు గట్టునీ పై నుంచి కిందికి తోమాను. ఎంత శ్రద్ధగా తోమానో చెబితే మీకు ఇంకా కోపం వస్తుంది. దూది బొడిపెల మధ్య మిగిలినవి అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి తీశాను. గంటకి పైగా పట్టింది. చివరికి ఆకుపచ్చగా, నున్నగా మెరుస్తుంటే పక్కకి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

తర్వాత నెల రోజులకి, ఏదో చీటీ వెతుకుతుంటే మీ ఫొటోల ఆల్బమ్ కనిపించింది. మొదటి పేజీలో తల్లి మొక్క. దాని మీద చేపముల్లు వరసలు. ఆల్బమ్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లి పక్కన పెట్టి చూశాను. ఫొటోలో ఉన్నది చేపముల్లు, కుండీలో ఉన్నది బోడిది. గులకరాళ్ల బస్తా మీద కూర్చుండిపోయాను. రాలిన చుక్కలు ఆ ఒంటి మీద మళ్లీ రావని మీ రెండో పుస్తకంలో ఉంది. "చేత్తో తాకినా రాలతాయి, జాగ్రత్త" అని కింద గీత గీసి మరీ రాశారు. అదేదో తోమకముందు చదివి ఉంటే బాగుండేది.

మీకు వెంటనే ఎందుకు రాయలేదంటే భయం. వేరే కారణం లేదు. మీరు అప్పుడే తుంటి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు, అదొక సాకు దొరికింది. సాకుని సాకు అనే రాస్తున్నాను.

మీ అబ్బాయికి చెప్పాను. ఆయన తిట్టలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. గడియారాలు బాగుచేసే కంటి అద్దం పెట్టుకుని మొక్కని ఇటూ అటూ తిప్పి చూశారు.

"పోయినవి చుక్కలేగా? గడియారం ముల్లు మీద ఆవగింజలో సగం చుక్క పెట్టేవాణ్ణి. వీటికి పెట్టలేనా?" అన్నారు.

"మొక్కకి రంగు వేస్తారా?"

"రంగు వేయడం కాదే. ఉన్నదాన్ని మళ్లీ ఉన్నట్టు చేయడం. ఫొటో ఉందిగా, చూసి పెడతాను."

నేను వద్దనలేదు. ఇది కూడా ఒప్పుకోవాల్సిందే. తప్పంతా ఆయన మీదికి తోసేస్తే నాకు తేలికే, కానీ దీపం పట్టుకుని పక్కన నిలబడింది నేను. మూడు రోజులు, షాపు మూశాక గంటసేపు చొప్పున కూర్చుని, డయల్ మీద వాడే తెల్ల రంగుతో ఒక గట్టు పూర్తి చేశారు. మీ కొడుకు పనితనం గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఫొటో పక్కన పెడితే ఏది నిజమో నాకే తెలియలేదు. అంత బాగా అబద్ధం ఆడగలమని నాకు అప్పటిదాకా తెలియదు. మిగతా ఏడు గట్లు వేయొద్దన్నాను. వేసిన ఆ ఒక్కటి తుడిచేయమని మాత్రం అనలేకపోయాను. మాస్టారు ఆ పక్క నుంచి చూస్తే చాలుననే ఆశ ఎక్కడో ఉంది.

అయితే ఊరికే కూర్చోలేదు. మీ పుస్తకాలు అప్పుడే మొదలుపెట్టాను. ఇరవై రెండు పిల్లల్నీ ఒక్కొక్కటీ తెచ్చి, చొక్కాలకి కత్తిరించే నమూనా కాగితం మీద దాని గట్లు, బొడిపెలు, చుక్కల వరసలు ఉన్నవి ఉన్నట్టు పెన్సిల్‌తో గీశాను. మనిషి కొలత ఒకసారి నా చేత్తో రాసుకుంటే, ఏడాది తర్వాత ఆ మనిషి వీధిలో వెనక నుంచి కనిపించినా భుజాలు చూసి గుర్తుపడతాను. మొక్కలకీ అదే జరిగింది. నెల తిరిగేసరికి చీటీ చూడకుండా ఇది మూడు, ఇది పదకొండు, ఇది వరస తప్పిన పందొమ్మిది అని చెప్పగలిగాను. ఇరవై రెండింటిలో పద్దెనిమిదికి చేపముల్లు స్పష్టంగా ఉంది, నాలుగింటికి చెదిరింది.

మాస్టారు తొమ్మిది రోజుల కిందట వచ్చారు. మీరు చెప్పినట్టే మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది, మొహంలో నవ్వన్నది లేదు. కాఫీ వద్దన్నారు. సరిగ్గా ఆ రోజే, పొద్దున పదకొండు గంటలు దాటాక తల్లి మొక్క పూసింది. పసుపు రేకులు, ఎర్ర గొంతు, పువ్వు మొక్కలో సగం ఉంది. ఆయన షెడ్డులోకి వచ్చి పువ్వు చూసి ఆగారు. తర్వాత వంగి, మా దురదృష్టమో అదృష్టమో, సరిగ్గా ఆ రంగు వేసిన గట్టు వైపే చూశారు.

"బాగుంది. ఇంత క్రమంగా వరస కట్టడం నేనెక్కడా చూడలేదు" అన్నారు. భూతద్దం తాడు పట్టుకుని పైకి తీస్తున్నారు.

మీ అబ్బాయి నా వైపు చూశారు. నేను మాస్టారి చేతి వైపు చూశాను. భూతద్దం కంటిదాకా వెళ్లాక చెబితే అది దొరికిపోవడం అవుతుంది, ఒప్పుకోవడం కాదు.

"ఒక్క నిమిషం మాస్టారూ. అది మా ఆయన వేసిన రంగు" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "ఏమిటీ?"

"అసలు చుక్కలు నేనే తోమేశాను. పిండినల్లి అనుకున్నాను. మా అత్తయ్యకి ఇందులో ఏ సంబంధం లేదు, ఆవిడకి ఇప్పటికీ తెలియదు. మిగతా ఏడు గట్లూ బోడిగా ఉన్నాయి, తిప్పి చూడండి."

ఆయన తిప్పి చూశారు. తర్వాత మీ అబ్బాయితో, "చెయ్యి మంచిదే, పని మాత్రం మంచిది కాదు" అన్నారు. మీ అబ్బాయి తల వంచుకుని దూది, స్పిరిట్ తెచ్చి, ఆయన ఎదురుగానే ఆ గట్టు తుడిచేశారు. మూడు రోజుల పని మూడు నిమిషాల్లో పోయింది.

నేను అంతటితో ఆయన వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇది చేపముల్లే, నూడమ్ కాదు అని ఇప్పుడు మీరెలా చెబుతారు?" అని అడిగారు.

నేను మొక్క నడినెత్తి చూపించాను. తోమిన తర్వాత ఎదిగిన కొత్త ఒళ్లు అక్కడ చిటికెన గోరంత ఉంది. దాని మీద సన్నగా రెండు వరసలు ఏటవాలుగా కట్టాయి. తుడిచినవి ఒంటి మీదివే, రక్తంలోవి కావు అన్నాను. ఆయన భూతద్దంతో చూశారు, అవుననలేదు, కాదనలేదు.

తర్వాత నన్ను వెనక్కి తిరిగి నిలబడమన్నారు. పది కుండీల్లోంచి చీటీలు పీకేసి, కలిపేసి, చెప్పమన్నారు. తొమ్మిది చెప్పాను అత్తయ్యా. పిల్లల్ని నంబర్లతో సహా చెప్పాను. పదోది గుండీ అన్నాను. అది టోపీకి, గుండీకి పుట్టిన సంకరం. "గట్టు అంచు చూడండి. గుండీకైతే గుండ్రంగా ఉంటుంది, దీనికి మడత పెట్టిన కాగితంలా పదునుగా ఉంది" అన్నారాయన. ఆ మాట మీ పుస్తకంలో లేదు, ఈసారి రాసి పెట్టాను.

ఇక ఆయన చెప్పిన తీర్పు. తల్లి ఒంటి మీద గుర్తు లేదు కాబట్టి ఈ దరఖాస్తు నిలవదు. ఫొటోలు సంఘం ఒప్పుకోదు. పేరు పడలేదు అత్తయ్యా. ఆయన అన్యాయం చేయలేదు. అన్యాయం చేసింది నేను. మీ పందొమ్మిదేళ్ల పనిని బ్రష్‌తో ఒక గంటలో తోమేశాను. ఇది రాస్తుంటే నాకు ఏడుపు వస్తోంది, రానివ్వండి, కాగితం తడిస్తే ఇంకోటి తీసుకుంటాను. మీరు ఎంత తిట్టినా పడతాను. కానీ క్షమించేసి, ఇంతే ప్రాప్తం అని గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం ఊరుకోను.

ఎందుకంటే దారి ఉంది. పిల్లల్లో మంచిదాన్ని కొత్త తల్లిగా చూపించి, దాని పిల్లల్ని నిమ్మకాయంత చేసి చూపిస్తే మళ్లీ చూస్తామన్నారు. మూడేళ్లు పడుతుంది. పదకొండో నంబరుని ఎంచాను. అది కూడా ఆ రోజుకి పూసి ఉంది. మాస్టారు చూస్తుండగానే చిన్న బ్రష్ తీసుకుని, కొత్త బ్రష్ లెండి, దాని పుప్పొడి తల్లికి, తల్లి పుప్పొడి దానికి అద్దాను. ఈ పని మీరు ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు. అడగకుండా చేశాను. రెండింటికీ నెట్ గుడ్డతో సంచులు కుట్టి తొడిగాను. తొమ్మిదో రోజు ఇవాళ. పువ్వులు వాడి ఎండిపోయాయి, కానీ మెల్లగా లాగి చూస్తే ఊడి రావడం లేదు. మీ పుస్తకం ప్రకారం అది కాయ కట్టినట్టే. కాయ అడుగున పగులుతుందనీ, ఆలస్యం చేస్తే గింజలు దూదిలోకి జారిపోతాయనీ చదివాను. ఏ రోజు కోయాలో మాత్రం మీరు రాయలేదు. అది రాసి పంపండి. తిట్లు దాని తర్వాత రాయండి.

షెడ్డు సంఘానికి ఇవ్వను. తల్లి మొక్కని ముందు అర మీదే ఉంచాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇదేమిటి బోడిగా ఉందంటే, నేనే తోమేశానని చెబుతున్నాను. పది మందికి చెప్పాక సిగ్గు కాస్త అరిగింది.

ఒక్క సంగతి మిగిలింది. దీని కోసమే ఇన్ని కాగితాలు నింపాను.

మాస్టారు వెళ్లబోతూ కొత్త ఫారం తీశారు. దరఖాస్తులో మీ వయసు డెబ్బై నాలుగని చూసి, కలం ఆపారు.

"మూడేళ్ల తర్వాత పెంపకందారు స్వయంగా ఈ షెడ్డులో నిలబడి మొక్కలు చూపించాలి. రూలు అది. ఆవిడ పరిస్థితి విన్నాను. ఇప్పుడే పెంపకందారు పేరు మార్చి మీ పేరు రాయండి, అందరికీ సులువు. మీకు గుర్తుపట్టడం వచ్చు, నాకు అభ్యంతరం లేదు" అన్నారు.

ఆయన చెడ్డ మాట అనలేదు, మర్యాదగానే అన్నారు. అయినా నాకు ఒళ్లు మండింది.

"పేరు మారదు" అన్నాను.

"ఆవిడ వస్తారా?"

"వస్తారు."

"ఎలా? కుర్చీలోనా?"

"నడిచి."

మీ అబ్బాయి దగ్గారు. నేను పట్టించుకోలేదు. ఫారంలో పెంపకందారు అన్న చోట మీ పేరే రాయించాను. స్వయంగా హాజరవుతారు అన్న గడిలో టిక్కు పెట్టి, బాధ్యత తీసుకునేవారు అన్న చోట నేను సంతకం చేశాను. మాస్టారు ఒకసారి నా మొహం చూసి, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఈసారి కాఫీ తాగారు.

నా తప్పు నేను దిద్దుకుంటాను. గింజలు విత్తుతాను, మొలకలు ఏరుతాను, మూడేళ్లూ గీసి గీసి గుర్తుపెట్టుకుంటాను. కానీ మీ బదులు నేను నడవలేను. నడవగలిగినా నడవను.

షెడ్డు గుమ్మానికి రెండు మెట్లున్నాయి. వాటిని పగలగొట్టించి వాలుగా సిమెంటు పోయిద్దాం, అమ్మకి సుఖంగా ఉంటుంది అన్నారు మీ అబ్బాయి. వద్దన్నాను. పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ మాత్రం వేయించాను, మీ చేతి ఎత్తు నాకు తెలుసు, నా టేపుతోనే కొలిచి ఇచ్చాను. మెట్లు అలాగే ఉన్నాయి. మూడేళ్లు, రెండు మెట్లు. రేపు పొద్దున వ్యాయామం చేయించే ఆ అమ్మాయి వస్తే కళ్లు తెరిచి లేవండి.

ఇట్లు,
మీరు తిట్టినా మాట వెనక్కి తీసుకోని
మీ కోడలు